పోచంపాడ్ (శ్రీరాంసాగర్) కింద యాసంగి: కొన్ని మాటలకు వ్యాఖ్యానం

కార్తె: సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర రాగానే ఆర్మూరు, బాల్కొండ రైతులు పసుపు పెట్టడానికి వానకోసం చూస్తారు. కార్తె ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది, ఎండ ముదిరినా జరగదు.

వేడి జమ: పైరు మాత్రం వేడినిబట్టే ఎదుగుతుంది. వరికి రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి 10 డిగ్రీలు తీసేసి మిగిలినదాన్ని కూడుతూ పోతారు. పగలు 32, రాత్రి 18 అయితే సగటు 25, ఆ రోజు జమ 15. ఉదాహరణకు 1500 జమ కావాలంటే 100 రోజులు. సగటు 2 డిగ్రీలు పెరిగితే 88 రోజులకే పూర్తవుతుంది. పంట తొందరగా వచ్చిందని సంబరపడే పని లేదు. గింజ పాలు పోసుకుని నిండే రోజులూ అందులోనే తెగిపోతాయి.

సుంకు: అంటే వరి పూత. అసలు గండం ఇక్కడే. వరి పువ్వు పొద్దున 9 నుంచి మధ్యాహ్నంలోపు, సుమారు గంటసేపు విచ్చుకుంటుంది. ఆ గంటలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి, గింజ కట్టక తాలు పోతుంది. నవంబర్ రెండో పక్షంలో నారు పోస్తే సుంకు ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పడుతుంది. నెల ఆలస్యమైతే మార్చి చివరి, ఏప్రిల్ మొదటి ఎండల్లోకి జారుతుంది.

రాత్రి: ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2004లో తమ పొలాల లెక్క బయటపెట్టింది: ఎండకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం తగ్గింది.

నూక: ఎండలు ముదిరాక కోసిన గింజ గబగబా ఆరి లోపల పగులుతుంది, మిల్లులో విరుగుతుంది. యాసంగి వడ్లు ఉప్పుడు బియ్యానికి పోయేది అందుకే. 2021లో కేంద్రం ఆ బియ్యం వద్దన్నప్పుడు ఇక్కడి రైతు ఎంత నలిగాడో అందరం చూశాం.

చలి: ఎండ తప్పించుకోవాలని నారు పోయడం ముందుకు జరపడానికీ హద్దుంది. డిసెంబర్ చలికి నారు ఎర్రబడి ఎదుగుదల ఆగుతుంది. రాత్రి పట్టా కప్పి పొద్దున తీస్తారు. మడిలో చల్లబడ్డ నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెడతారు.

తూము: బోధన్, బాన్సువాడ వైపు నిజాంసాగర్ కింద చాలామంది ముందే నాటి ముందే కోస్తున్నారు. బోరున్న రైతుకు ఎక్కడైనా ఇది సాధ్యమే. శ్రీరాంసాగర్ కాలువనే నమ్ముకున్నవాడు మాత్రం తూము ఎత్తేదాకా ఆగాల్సిందే. కనుక యాసంగి నీళ్ల తేదీని సుంకు పడే రోజునుంచి వెనక్కి లెక్కగట్టి, నారు పోయకముందే ఊళ్లలో చాటించాలి.