తెలుగు సాహిత్యమున మరణకథనము: ఎవరి మరణము కథయైనది?

భారతయుద్ధమును మనకు వినిపించువాడు సంజయుడు. ఆతడు కథ చెప్పు తీరు గమనింపదగినది. పదవనాటి పోరు ముగిసిన పిదప ఆతడు ధృతరాష్ట్రుని కడకు వచ్చి, మొట్టమొదట భీష్ముడు పడెనని చెప్పును. వృద్ధరాజు శోకించి, అట్టి మహావీరుడు ఎట్లు పడెనని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానముగానే పది దినముల యుద్ధకథ నడచును. ద్రోణ, కర్ణ, శల్య పర్వములందును ఈ పద్ధతియే కానవచ్చును. వీరుడు మడిసెనన్న సంగతి శ్రోతకు ముందే తెలియును. ఆతడు వినగోరునది 'ఎట్లు' అన్నది మాత్రమే. మరణము వార్తగా వచ్చి, ప్రశ్నచేత కథగా మారుచున్నది.

మన విమర్శకులు కావ్యములలోని మరణఘట్టములను వీరకరుణరసముల దృష్టితో విస్తారముగ పరిశీలించిరి. ఇచట విచారింపదలచినది వేఱొకటి. ఈ 'ఎట్లు' అను ప్రశ్న తెలుగు సాహిత్యమున ఎవరెవరిని గూర్చి అడుగబడినది? ఎవరిని గూర్చి అడుగబడలేదు? మరణించినవారు అనేకులు, మరణము కథయైనవారు కొందఱే. ఆ కొందఱి సంఖ్య కాలక్రమమున ఎట్లు పెరిగినదో తెలిసికొనుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారణకు వలసిన సామగ్రి చాలవఱకు మన ప్రాంగణమున లభించునదియే. ఆంధ్రమహాభారతమునకు సంశోధితముద్రణమును సిద్ధపఱచి ప్రకటించిన గౌరవము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు దక్కినది. తార్నాకవైపున ప్రాంగణముననే నెలకొన్న ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున తాళపత్రములు, కాగితపు ప్రతులు భద్రపఱుపబడియున్నవి. ఇక నోటినుండి నోటికి వచ్చిన గాథలకు పరిశోధనగౌరవము కల్పించుటలో ఈ విశ్వవిద్యాలయపు తెలుగుశాఖ అగ్రగామి. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపదగేయసాహిత్యముపై ఇచటనే పరిశోధించి 1956లో డాక్టరేటు పొందిరి. నాయని కృష్ణకుమారిగారు జానపదగేయగాథలను ప్రత్యేకవిషయముగ గ్రహించి శాస్త్రీయముగ పరిశీలించిరి. మార్గకావ్యమును, పల్లెపాటను ఒకే బల్లపై నుంచి చూచుటకు ఈ సామగ్రి మనకు వీలు కల్పించుచున్నది.

సంస్కృతాలంకారికులు ప్రధాననాయకుని వధను రంగస్థలముపై చూపరాదని శాసించిరి. దశరూపకకర్త ధనంజయుని మతము ఇదియే. దుర్యోధనుని మరణముతో ముగియు భాసుని ఊరుభంగము ఈ నియమమునకు ప్రసిద్ధమైన అపవాదము. గ్రీకు విషాదనాటకములందును మరణము ప్రాయికముగ తెరవెనుక జరుగును. దూత వచ్చి దానిని వర్ణించును. కంటికి చూపరానిదానిని చెవికి వినిపింపవచ్చునన్న భావము రెండుచోట్లను కలదు. శ్రవ్యకావ్యమునకు ఈ నిషేధము లేదు. తెలుగు వాఙ్మయమున భారతము ఆదికావ్యమగుట చేత, మరణకథనమున మన కవులకు మొదటినుండియు విశాలమైన అవకాశము లభించినది.

భారతమున మరణములన్నియు ఒక తీరువి కావు. భీష్ముడు స్వచ్ఛందమరణుడు. అంపశయ్యపై ఉత్తరాయణమునకై వేచియుండి, ధర్మరాజునకు సకలధర్మములు బోధించి, తానెన్నుకొన్న ముహూర్తమున దేహము విడిచెను. బమ్మెర పోతన భాగవత ప్రథమస్కంధమున ఈ ఘట్టమును కృష్ణుని ఎదుట నిలిపి భక్తిపరముగ తీర్చెను. దీనిని చావనుటకు తెలుగువానికి నోరాడదు, నిర్యాణమనును. మహాప్రస్థానమున ద్రౌపది మొదలుకొని ఒక్కొక్కరు నేలకొరగునపుడు భీముడు కారణము అడుగును, ధర్మరాజు ఒక్కొక్కరి లోపమును చెప్పును. అచట మరణము తీర్పు. భీష్ముని చావునకు ముహూర్తము కలదు. పాండవుల చావునకు కారణము కలదు. అడుగువాడును, చెప్పువాడును ఉన్నారు.

ద్రోణపర్వమున పాండవుల కొడుకులిద్దఱు మరణింతురు. పదమూడవనాడు అభిమన్యుడు పద్మవ్యూహమున చిక్కి అనేకరథికులచేత నిరాయుధుడై కూలును. ఆ మరణము శిబిరము నంతటిని కదలించును. తల్లి విలపించును, తండ్రి మఱునాటి సూర్యాస్తమయములోపల సైంధవుని చంపుదునని ప్రతిజ్ఞ చేయును. ఆ ప్రతిజ్ఞయే తరువాతి కథను నడపును. పదునాలుగవనాటి రాత్రి హిడింబ కొడుకు ఘటోత్కచుడు కర్ణుని శక్తిచేత పడును. పడుచు కూడ శరీరమును పెంచి శత్రుసైన్యమును తన క్రింద నలిపి చంపును. చనిపోవునపుడును పనికివచ్చిన కొడుకాతడు. ధర్మరాజు దుఃఖించును, కాని కృష్ణుడు సంతోషించును. ఆ శక్తి అర్జునునకై దాచబడినది, ఇప్పుడది వ్యయమైనదని ఆతని లెక్క. ఒక మరణమునకు ప్రతిజ్ఞ లభించినది. రెండవదానికి లెక్క లభించినది. ఇద్దఱును పాండవసంతానమే. ఒకరి తల్లి యాదవరాజపుత్రి, మఱొకరి తల్లి అడవిలోని రాక్షసి.

వ్యాసభారతమున ఈ సందర్భముననే మఱొక మరణము వినవచ్చుచున్నది. కృష్ణుడు అర్జునునితో, జరాసంధ శిశుపాలులవలె ఏకలవ్యుని సైతము పాండవుల మేలుకొఱకే తొలగించితినని చెప్పును. బొటనవ్రేలు కోసియిచ్చిన ఘట్టము ఆబాలగోపాలమునకు తెలిసినదే. ఆ వ్రేలిచ్చినవాడు ఎట్లు చనిపోయెనో తెలిసినవారు అరుదు. ఏలయన ఆ మరణము ఘట్టముగా కాక, ఇతరుని ఓదార్పుమాటలలో ఉదాహరణముగ వచ్చినది. అక్కడ 'ఎట్లు' అని నిలదీసి అడిగినవాడు లేడు.

అంతకంటెను మౌనమైన మరణము ఆదిపర్వమున కలదు. పాండవులు లక్కయింటినుండి తప్పించుకొన్న రాత్రి, ఒక నిషాదస్త్రీ తన ఐదుగురు కొడుకులతో అందు నిదురించుచు దగ్ధమయ్యెను. మఱునాడు పౌరులు ఆ ఆరు కళేబరములను చూచి కుంతియు పాండవులును మరణించిరని విలపించిరి. ధృతరాష్ట్రుడు వారికి ఉత్తరక్రియలు జరిపించెను. ఆ తల్లికి పేరు లేదు, కొడుకులకు పేరులు లేవు. వారికై కార్చిన కన్నీరు కూడ వారిది కాదు. తెలుగున నన్నయ ఈ కథను చెప్పుచు ఇతిహాసక్రమమును అనుసరించెను. ఇది కవి దోషమని నేననను. వారి మరణము లేనిచో పాండవుల కథయే ముందునకు సాగదు. అయినను వారికి కథ లేదు. మన పరిశీలనకు ఈ ఆరుగురు కొలమానము.

మార్గకావ్యమున అడుగబడని ప్రశ్న గాథలయందు అడుగబడినది. తిక్కన సోమయాజి నెల్లూరున మనుమసిద్ధి ఆస్థానమున నుండి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను రచించినవాడు. ఆ కాలముననే పసులమేత పుల్లరి విషయమున మనుమసిద్ధికిని, గొల్లప్రభువు కాటమరాజునకును వైరము పుట్టినది. కవికి జ్ఞాతియైన ఖడ్గతిక్కన ఆ యుద్ధమున మరణించెను. యుద్ధమునుండి మరలివచ్చిన ఆతనిని ఇంటివారు స్నానమునకు పసుపు పెట్టి, మంచము అడ్డముంచి అవమానింపగా, మరల పోరికి పోయి మడిసెనని ప్రతీతి. ఈ యుద్ధకథను తరతరములుగ పాడుకొన్నది గొల్లలు. కురుక్షేత్రమును తెలుగు చేసిన కవి ఇంటి మరణము పసులకాపరుల పాటలో నిలిచినది.

ఈ మార్పు సంపూర్ణముగ కానవచ్చునది పలనాటి వీరచరిత్రయందు. పండ్రెండవ శతాబ్దపు చివరిభాగమున కారెంపూడిలో జరిగిన దాయాదిపోరు దీనికి వస్తువు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ప్రకటించిరి. కాని ఈ కథకు అసలైన నిలయము వీరవిద్యావంతుల కంఠము. పలనాటి మాలవారిలో ఒక శాఖవారు దీనిని వంశపారంపర్యముగ గానము చేయుచు వచ్చిరి. 1974లో అలిసెట్టి గాలెయ్య గానము చేసిన కథను జీన్ రోఘైర్ అను అమెరికా పరిశోధకుడు ధ్వనిముద్రణము చేసి, దాని ఆధారమున 1982లో గ్రంథమును వెలువరించెను.

ఈ కథలో బ్రహ్మనాయుడు చాపకూడుచేత కులభేదములను త్రోసిపుచ్చినవాడు. మాలవాడైన కన్నమదాసును పుత్రభావముతో ఆదరించి సేనాధిపత్యమిచ్చెను. బాలచంద్రుని సహచరులలో బ్రాహ్మణుడు మొదలు పలువృత్తులవారి బిడ్డలు కలరు. బ్రాహ్మణుడైన అనపోతును యుద్ధమున చంపించిన పాపము తమకు వలదని బాలచంద్రుడు ఉపాయముతో ఆతనిని వెనుకకు పంపును. అది తెలిసి అనపోతు, తోడివారిని వీడి బ్రతుకనొల్లక ప్రాణత్యాగము చేసికొనును. కులము ఈయజూపిన బ్రతుకును త్రోసివేసి, స్నేహితుల మరణమున తన పాలు తాను కోరుకొన్నవాడాతడు. కలిసి తినినవారు కలిసి మరణింపవలెనన్నది ఈ కథయొక్క నీతి. చాపకూడు భోజనమునకే కాదు, చావునకును వర్తించినది.

ఇంకొక విశేషము. పలనాటి మరణములు కావ్యాంతముతో ముగియవు. కారెంపూడిలో వీరులగుడి కలదు. ఏటేట కార్తికామావాస్యనుండి రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేరులతో ఐదునాళ్లు ఉత్సవము జరుగును. వీరుల ఆయుధములను కొణతములని పూజింతురు. మందపోరునాడు చాపకూడు జరుపుదురు. ధృతరాష్ట్రుడొక్కడు అడిగిన ప్రశ్నను ఇచట ఊరంతయు ప్రతివత్సరము అడుగుచున్నది.

గాథలు వచ్చినంతమాత్రమున ప్రతి మరణమునకును కథ లభించెనని భావింపరాదు. 1757 జనవరి 24న బొబ్బిలికోట కూలినది. రంగారాయుని మరణమును, ఆ పిదప విజయరామరాజును రాత్రివేళ గుడారమున చంపి తానును ప్రాణము విడిచిన తాండ్ర పాపారాయని పగను జంగముకథలు ఊరూర వినిపించినవి. కాని శత్రువునకు చిక్కరాదని తమవారి చేతులతోనే కోటలోపల చంపబడిన స్త్రీలు, పసిపిల్లలు ఆ కథయందు ఒక సమూహముగనే మిగిలిరి. పలువురి పేరులు మనకు అందలేదు. లక్కయింటి మౌనము పూర్తిగ తొలగలేదు.

ఆధునికయుగమున మొదటి మార్పు నాటకరంగముపై వచ్చినది. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుని కొడుకుగా సారంగధరుని కథ తెలుగునాట ప్రసిద్ధము. సవతితల్లి నిందచేత తండ్రి కాలుసేతులు నఱికింపగా, సిద్ధుని మహిమచే అవి మరల మొలచినవని గౌరన, చేమకూర వేంకటకవి చెప్పిరి. బళ్లారియందలి ధర్మవరము రామకృష్ణమాచార్యులు తమ విషాదసారంగధరమున ఆ మహిమను తొలగించిరి. రంగస్థలముపై నిర్దోషి మరణించెను. ఆతనిని బ్రతికింప ఎవరును రాలేదు. సిద్ధుడున్నచో రాజు తప్పు దిద్దబడును. సిద్ధుడు లేనపుడు ఆ తప్పు తప్పుగనే నిలిచి, ప్రేక్షకుని వెంట ఇంటికి వచ్చును.

గురజాడ అప్పారావు పుత్తడిబొమ్మ పూర్ణమ్మయందు ఈ మార్గమున ఇంకొక అడుగు వేసిరి. ధనమునకై ముసలివరునకు ఇయ్యబడిన పసిపిల్ల ఆమె. రాజపుత్రి కాదు, వీరపత్ని కాదు. ఆమె చావుతో ఏ రాజ్యమును కూలదు. అత్తవారింటికి పయనమైననాడు అందఱివద్ద వీడ్కోలు పుచ్చుకొని దుర్గగుడికి పోయి, మరల రాదు. కవి ఆమె మునిగినది చూపడు. దుర్గను చేరినదనియే చెప్పును. చూపకుండుట ఇచట అలంకారశాస్త్రనియమము కాదు, కవి సంయమము. ఎట్లు చనిపోయినదో ఊహించుట పాఠకునిపై పడును. ఎందుకన్న ప్రశ్న ఆ ఊహనుండియే పుట్టును.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922లో వెలువడినది, ప్రభుత్వనిషేధమునకును గురియైనది. అందు మాలపల్లె యువకుడు సంగదాసు భూస్వామి చౌదరయ్య చేత హతుడగును. ఆతడు యుద్ధవీరుడు కాడు, దేవతయు కాలేదు. నవల ముగియుటకు ముందే మరణించును. కాని ఆ మరణమునుండియే తరువాతి కథ బలము పొందును. ఈ నవలకు రచయిత పెట్టిన రెండవపేరు సంగవిజయము. చంపబడినవాని పేర విజయమును చెప్పుట తెలుగున క్రొత్త. ఘటోత్కచుని మరణము అన్యుల విజయమునకు ఉపకరించినది. సంగదాసు మరణము సంగదాసుకే విజయమైనది.

లక్కయింటినుండి మాలపల్లె వఱకు గల ఈ దూరము సుమారు తొమ్మిది శతాబ్దములు. ఇది తిన్నని బాట కాదు. బొబ్బిలి స్త్రీలవంటివారు బాటప్రక్కనే మిగిలిరి. అయినను దిశ స్పష్టము. ఒకరి మరణమును కథగా చెప్పుటయనగా ఆ బ్రతుకునకు విలువ కలదని ఒప్పుకొనుట. ఆ ఒప్పుదల మొదట రాజులకు, ఋషితుల్యులకు లభించినది. పిదప కలిసి పోరిన పలుకులములవారికి, పిమ్మట పసిపిల్లకు, కూలివానికి లభించినది.

మిగిలిన పని పరిశోధకులది. ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున పరిష్కారమునకు నోచని ప్రతులను, పల్లెలలో గాథలు పాడు వృద్ధుల నోటిపాఠములను కలిపి చదివినగాని ఏ మరణమునకు ఎంత కథ కలదో తేలదు. ప్రతులు మరికొంతకాలము వేచియుండగలవు, గాయకులు వేచియుండలేరు. తార్నాకకు వచ్చు మన విద్యార్థులలో పలువురు ఆ పల్లెలనుండియే వచ్చుచున్నారు. సెలవులకు ఊరికి పోయినపుడు, తమ వాడలో పాడబడు కథయందు ఎవరు మడిసిరో, ఎట్లు మడిసిరో అడిగి వ్రాసికొని వచ్చినచో, అది రాబోవు సంపుటములకు విలువైన సామగ్రి కాగలదు.