అరిగే మర వెనకున్న కథ

కలప పొట్టు గుళికలతో మండే పెల్లెట్ స్టవ్ పాతబడ్డాక దాన్ని విప్పి భాగాలన్నీ బల్ల మీద పరిస్తే ఒక సంగతి తేలిగ్గా కనిపెట్టవచ్చు. అరిగినవన్నీ తిరిగేవి, కాలినవన్నీ నిప్పు పక్కన ఉండేవి. ఇనుప పెట్టె మాత్రం ఇరవై, ముప్ఫై ఏళ్ళయినా చెక్కుచెదరదు. మామూలు కట్టెల పొయ్యిలో తిరిగే భాగమే ఉండదు కదా, మరి దీనికి మోటార్లూ ఫ్యాన్లూ ఎందుకొచ్చాయి? అది తెలిసినవాళ్ళకు రిపేరు సగం తెలిసినట్టే.

కథ మొదలైంది అమెరికా వాయవ్య మూలనున్న కలప మిల్లుల్లో. వాషింగ్టన్, ఆరెగాన్, ఐడహో రాష్ట్రాల్లో ప్రతి కోత మిల్లు పక్కనా శంకువులా ఎత్తైన ఇనుప కొలిమి ఉండేది. కోతలో మిగిలిన పొట్టూ చెక్కపేళ్ళూ అందులో వేసి ఊరికే తగలబెట్టేవారు. ఆ వేడి ఎవరికీ పనికొచ్చేది కాదు, నిప్పురవ్వలూ పొగా మాత్రం ఊరి మీద పడేవి. ఐడహోలోని లూయిస్టన్‌లో 1930 ప్రాంతంలో ఆ పొట్టును యంత్రంతో గట్టిగా నొక్కి, ప్రెస్టో లాగ్ పేరుతో దుంగలుగా అమ్మడం మొదలైంది. వాటిలో జిగురేమీ కలపలేదు. కలపలో సహజంగా ఉండే లిగ్నిన్ వేడికీ ఒత్తిడికీ మెత్తబడుతుంది, చల్లారాక గట్టిపడి పొట్టును పట్టి ఉంచుతుంది.

1973 చమురు సంక్షోభంలో పీపా ధర మూడు డాలర్ల చిల్లర నుంచి కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్ల దగ్గరికి ఎగబాకింది. చమురుతో ఇళ్ళు వెచ్చబెట్టుకునేవాళ్ళ చూపు మళ్ళీ కట్టె మీదికి మళ్ళింది. పశువుల దాణాను గుళికలుగా చేసే యంత్రాలు అప్పటికే ఉన్నాయి. అదే పద్ధతిలో పొట్టునూ గుళికలు చేయవచ్చని ఆరెగాన్‌లో రుడాల్ఫ్ గన్నర్‌మన్ చేసి చూపించాడు, 1977లో పేటెంటు కూడా పొందాడు. అయితే ఆ గుళికలు ఎక్కువగా పెద్ద బాయిలర్లకే పోయేవి. ఇంట్లో పెట్టుకునే పొయ్యి ఇంకా రాలేదు.

ఎందుకు రాలేదో మన ఊళ్ళలో పొట్టు పొయ్యి వాడినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. డబ్బా నడుమ కర్ర నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, కర్ర లాగేస్తే ఆ బొక్కలోంచి మంట చక్కగా లేస్తుంది. కానీ ఒకసారి అంటుకున్నాక హెచ్చుతగ్గులు మన చేతిలో పెద్దగా ఉండవు. అయిపోతే చల్లార్చి మళ్ళీ కూరాల్సిందే. గుళికలను కుప్పపోసి అంటించినా అంతే, లోపలికి గాలి అందక పొగ కమ్మేస్తుంది.

సియాటిల్‌లో బోయింగ్ కంపెనీలో పనిచేసిన విమాన ఇంజనీరు జెర్రీ విట్‌ఫీల్డ్ ఈ ముడి విప్పాడు. 1983లో ఇంటికి పనికొచ్చే పెల్లెట్ స్టవ్‌కు రూపమిచ్చి, పైరో ఇండస్ట్రీస్ పేరున అమ్మకానికి తెచ్చాడు. కుప్పను అదుపు చేయడం మానేసి, అసలు కుప్పే లేకుండా చేయడం ఆయన పద్ధతి. పైన తొట్టిలో గుళికలు ఉంటాయి. మోటారుతో తిరిగే ఆగర్ అనే మరకడ్డీ వాటిని కొద్దికొద్దిగా ఎత్తి, దోసిలంత గిన్నెలోకి జారవిడుస్తుంది. ఒక ఫ్యాను పొగను బయటికి లాగుతూ నిప్పుకు గాలి అందిస్తుంది. ఇంకొకటి వేడిగాలిని గదిలోకి తోస్తుంది. ఇంధనమెంత, గాలెంత అని లెక్క చూసుకోవడం విమాన ఇంజనీరుకు రోజువారీ పని, ఆ అలవాటే పొయ్యిలోకి వచ్చిందని నా నమ్మకం. నీళ్ళెత్తే మరకు ఆర్కిమెడిస్ పేరుంది. అంత పాత ఉపాయాన్ని తెచ్చి నిప్పుకు గింజ అందించే పనిలో పెట్టడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

1988లో అమెరికా పర్యావరణ సంస్థ కట్టెల పొయ్యిల పొగకు హద్దులు పెట్టింది. గాలి పాలు ఎక్కువగా తీసుకునే పెల్లెట్ స్టవ్‌లు చాలావరకు ఆ నిబంధన కిందికి రాలేదు. అమ్మకాలకు అదీ కలిసొచ్చింది.

ఈ ఏర్పాటులో మంటను అదుపులో పెట్టేవన్నీ కదిలే భాగాలే. అందుకే అరుగుదలంతా వాటిదే. ఆగర్ తిరిగినప్పుడల్లా కీచుమంటుంటే కడ్డీ చివరనున్న కంచు బుష్ ఎండిపోయిందని, లేదా గొట్టంలో గుళికల పొడి గట్టిపడిందని అనుమానించాలి. తొట్టి ఖాళీ చేసి, కరెంటు తీసేసి, ఆ పొడిని ఊడ్చేస్తే చాలాసార్లు మోటారు మార్చే ఖర్చు తప్పుతుంది. తలుపు చుట్టూ ఉండే తాడులాంటి గాస్కెట్‌ను పరీక్షించడానికి స్టవ్ చల్లగా ఉన్నప్పుడు ఒక కాగితం ముక్క పెట్టి తలుపు బిగించండి. లాగితే కాగితం సులువుగా జారివస్తే గాస్కెట్ అయిపోయినట్టే. అక్కడ దొంగగాలి దూరితే గిన్నె కింద నుంచి రావాల్సిన గాలి తగ్గి మంట పసుపుగా, బద్ధకంగా ఊగుతుంది, అద్దం నల్లబడుతుంది.

దానంతట అదే వెలిగే స్టవ్‌లలో ఇగ్నైటర్ కడ్డీ కూడా కాలిపోతుంటుంది. 120 వోల్టుల మీద 300 వాట్ల కడ్డీ అయితే మల్టీమీటరు దాదాపు 48 ఓములు చూపాలి. ముల్లు అసలు కదలకపోతే లోపలి తీగ తెగిపోయినట్టు. పొగ లాగే ఫ్యాను బేరింగు పోయి విప్పినప్పుడు దాని కింది గాస్కెట్ కూడా కొత్తది వేయాలి. పాతదే బిగిస్తే ఆ సందులోంచి పొగ గదిలోకి వస్తుంది.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు. పొగగొట్టం మూసుకుపోతే ఆగర్‌ను ఆపే వాక్యూమ్ స్విచ్చు, పెట్టె మరీ వేడెక్కితే ఆపే స్విచ్చు ఉంటాయి. స్టవ్ మాటిమాటికీ ఆగిపోతోందని వాటిని తీగతో కలిపేసి నడిపేవాళ్ళున్నారు. నిజానికి చాలాసార్లు తప్పు స్విచ్చుది కాదు. దానికి వెళ్ళే సన్నని రబ్బరు గొట్టంలో బూడిద అడ్డుపడుతుంది, లేదా గొట్టం పగులుతుంది. గొట్టం ఊడదీసి శుభ్రం చేస్తే తీరిపోయే తంటాకు ఇంటిల్లిపాది ప్రాణాలూ పణంగా పెట్టడమేమిటి?

విట్‌ఫీల్డ్ బ్రాండు తర్వాత లెనాక్స్ కంపెనీ చేతికి వెళ్ళింది. మొదటి తరం స్టవ్‌లు తయారీలో లేకపోయినా వాటికి సరిపోయే మోటార్లను వేరే కంపెనీలు చేస్తున్నాయి. ఆగర్ మోటారు కొనేటప్పుడు సైజు ఒక్కటే చూస్తే చాలదు. సవ్యంగా తిరిగేదా అపసవ్యంగానా, నిమిషానికి ఎన్ని చుట్లు అన్నది పాత మోటారు చీటీ మీద చదివి సరిచూసుకోవాలి. దిక్కు తప్పితే గుళికలు గిన్నెలోకి రానే రావు. ఒక చుట్టు తిరగాల్సిన చోట రెండు చుట్ల మోటారు పెడితే గిన్నెలోకి రెట్టింపు గుళికలు పడి, కాలేలోపే నిండిపోయి, విట్‌ఫీల్డ్ లేకుండా చేసిన కుప్ప మళ్ళీ తయారవుతుంది.