గాలిని ఆరబెట్టే విద్య

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో బెర్లిన్ నగరం పట్టపగ్గాల్లేకుండా పెరిగింది. పనికోసం పల్లెల నుంచి వచ్చిపడుతున్న జనానికి నాలుగైదు అంతస్తుల అద్దె భవనాలు వరసగా లేచాయి. అంతా ఇటుక, సున్నం. పని పూర్తయినా గోడల్లో చెమ్మ నెలల తరబడి పోయేది కాదు. డబ్బున్నవాళ్లు అలాంటి ఇంట్లో దిగరు. అందుకని యజమానులు నిలువ నీడ లేని పేద కుటుంబాలను నామమాత్రపు అద్దెకు ఆ పచ్చి గోడల మధ్య ఉండనిచ్చేవారు. వాళ్లు అక్కడే పొయ్యి రాజేసుకుని, వండుకుని తిని, గోడలు ఆరే వేళకి మూటా ముల్లె సర్దుకుని మరో పచ్చి ఇంటికి వెళ్లేవాళ్లు. వాళ్లకు 'ట్రోకెన్‌వోనర్' అని పేరు పడింది. కాపురం ఉండి ఇల్లు ఆరబెట్టేవాళ్లన్నమాట.

ఇందులో రసాయన శాస్త్రం ఉంది. తడి సున్నం గట్టిపడాలంటే గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకోవాలి. అలా తీసుకుని మళ్లీ సున్నపురాయిగా మారేటప్పుడు నీటిని వదులుతుంది. మనిషి ఊపిరిలో ఆ వాయువు దండిగా ఉంటుంది కనుక, గదిలో ఎంతమంది ఉంటే గోడ అంత త్వరగా గట్టిపడేది. కాని గోడ వదిలిన నీరూ, వంట ఆవిరీ, పిల్లల ఊపిరిలోని తేమా అన్నీ తిరిగేది ఆ మూసిన గదిలోనే. క్షయ, కీళ్లవాతం వాళ్ల వెంటే తిరిగాయి. భవనాన్ని ఆరబెట్టడం డబ్బుతో ముడిపడిన పనిగా మారినప్పుడు యంత్రం ఉండాల్సిన చోట మనుషుల్ని పెట్టారు. ఈ చరిత్రంతటిలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ ఘట్టమే.

మనుషులు దొరకని చోట నిప్పు పెట్టేవాళ్లు. ఇనుప బుట్టల్లో కోక్ బొగ్గు నింపి గది మధ్యలో మండించడం యూరప్ అంతటా మేస్త్రీలకు అలవాటే. కోక్ దాదాపు మొత్తం కర్బనమే కాబట్టి వేడితోపాటు సున్నానికి కావలసిన వాయువూ ఇస్తుంది, నీటి ఆవిరి పెద్దగా ఇవ్వదు. ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడ్‌నూ ఇస్తుంది. ఇదే పని కిరోసిన్ స్టవ్‌తో చేస్తే లాభం లేదు. లీటరు కిరోసిన్ పూర్తిగా మండితే లీటరుకు పైగా నీరు ఆవిరై అదే గదిలో కలుస్తుంది.

వేడి పెడితే తడి ఆరుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. లేచిన ఆవిరి ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు జవాబు మాత్రం బెర్లిన్ భవనాల కంటే ముందే, ఇళ్లతో సంబంధం లేని మనుషులు వెతికారు. జెనీవాకు చెందిన సోస్యూర్, ఆల్ప్స్ పర్వతాలెక్కి గాలిని పరీక్షించిన శాస్త్రజ్ఞుడు, జిడ్డు తీసిన తలవెంట్రుక తేమకు సాగుతుందని గమనించి దానితోనే తేమమాపకం కట్టి 1783లో పుస్తకం ప్రచురించాడు. మరో ఇరవై ఏళ్లకు మాంచెస్టర్‌లో జాన్ డాల్టన్ అసలు సూత్రం పట్టుకున్నాడు. నీరు ఎంత వేగంగా ఆవిరవుతుందన్నది తడి ఉపరితలం దగ్గరి ఆవిరి పీడనానికీ, చుట్టూ గాలిలో అప్పటికే ఉన్న ఆవిరి పీడనానికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. తేడా లేకపోతే ఎంత గాలి వీచినా ఆరదు. ముసురు పట్టిన రోజుల్లో దండెం మీది బట్టలు రెండు రోజులైనా ఆరకపోవడం ఇందుకే. ఆ తర్వాత బెర్లిన్‌లో ఆగస్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి, పక్కన పొడి థర్మామీటరు పెట్టి, రెండింటి తేడాతో గాలిలోని తేమ లెక్కగట్టే పద్ధతి స్థిరపరిచాడు. నేటికీ వాతావరణ కేంద్రాల్లో తడి బల్బు, పొడి బల్బు పక్కపక్కనే ఉంటాయి.

గాలిలోంచి నీటిని తీసేసే యంత్రం అవసరం ముందుగా తగిలింది అచ్చాఫీసుకి. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో సాకెట్ విల్‌హెల్మ్స్ అనే ముద్రణాలయంలో వేసవి ఉక్కకు కాగితం సాగేది, ముడుచుకునేది. ఒక రంగు మీద మరో రంగు వేసేలోగా అచ్చు పక్కకు తప్పేది. 1902లో విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు చల్లని గొట్టాల మీదుగా గాలిని నడిపి, అందులోని తేమను నీటిబొట్లుగా రాల్చి, గదిని 55 శాతం తేమ దగ్గర నిలిపే ఏర్పాటు రూపొందించాడు. ఈ ఏర్పాటే ఏసీకి మొదలు. ఏసీ చరిత్ర చెప్పేవాళ్లు చల్లదనం గురించే చెబుతారు. దాని పుట్టుక మాత్రం తేమ తీయడానికే. గోడకు తగిలించిన ఏసీ పైపులోంచి ధారగా కారే నీళ్లు ఆ మొదటి పనికి గుర్తు. ఇళ్లు ఆరబెట్టే డీహ్యూమిడిఫయర్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఒక్క తేడా ఏమిటంటే, ఏసీ వేడిని బయట పారబోస్తుంది, ఇది గదిలోకే తిరిగిస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి గోడ నుంచి తీసుకున్న వేడి, దాదాపు మూడింట రెండు వంతుల యూనిట్ కరెంటుకు సమానమైనది, ఆ నీరు గొట్టం మీద పేరుకోగానే విడుదలై గదికి తిరిగొస్తుంది. గది వెచ్చబడుతుంది, గోడ మరింత నీరు వదులుతుంది.

రెండో దారి నీటిని పీల్చే పదార్థాలది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా నౌకాదళం దగ్గర వందల ఓడలు మిగిలిపోయాయి. ఫ్లోరిడాలో గ్రీన్ కోవ్ స్ప్రింగ్స్, టెక్సాస్‌లో ఆరెంజ్ వంటి ఉక్కపోతల రేవుల్లో వాటిని కట్టిపడేశారు. తుప్పు పట్టకుండా ఓడ లోపలి గదులన్నీ మూసివేసి, తేమను పీల్చే పదార్థాల మీదుగా నడిపిన పొడి గాలిని గొట్టాలతో లోపలికి పంపారు. చుట్టూ నీళ్లు, పైన చెమటలు పట్టించే గాలి, లోపల మాత్రం పొడి. తేమ ప్రాంతంలో కిటికీలు మూసి ఆరబెట్టాలన్న నేటి పద్ధతికి అంతకంటే పెద్ద ఎత్తున జరిగిన ముందు పరీక్ష నాకు కనబడదు.

స్వీడన్‌లో కార్ల్ మున్‌టర్స్ ఈ పనిని ఇంకా తేలిక చేశాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే, 1922లో, స్నేహితుడు ఫాన్ ప్లాటెన్‌తో కలిసి కదిలే భాగాలు లేని రిఫ్రిజిరేటర్ కనిపెట్టిన మనిషి ఆయన. 1955లో సొంత సంస్థ పెట్టాడు. ఆ సంస్థ పేరుతో ప్రసిద్ధమైన తేమ తీసే చక్రం చూడ్డానికి తేనెపట్టులా సన్నని కన్నాలతో ఉంటుంది. ఆ కన్నాల గోడలకు లిథియం క్లోరైడ్ వంటి పీల్చే పదార్థం పట్టించి ఉంటుంది. చక్రం గంటకు కొన్ని చుట్లే తిరుగుతుంది. ఎక్కువ భాగం గది గాలిలోని తేమ పీలుస్తుంటే, మిగిలిన భాగంలోంచి బాగా వేడెక్కించిన గాలి ఎదురుగా వచ్చి పీల్చిన తేమను ఊడ్చి బయటికి తీసుకుపోతుంది. నీరు మంచుగా గడ్డకట్టే చలిలో కూడా ఇది పనిచేస్తుంది.

అయితే ఎంత త్వరగా ఆరితే అంత మంచిదన్న మాట అన్నిచోట్లా నిజం కాదని ఇటలీ నేర్పింది. 1966 నవంబరు 4న ఆర్నో నది ఫ్లోరెన్స్ నగరం మీద పడింది. ఇళ్ల వెచ్చదనం కోసం నేలమాళిగల్లో దాచిన నూనె బురదలో కలిసి చర్చి గోడల మీద నల్లటి చార గీసింది. జాతీయ గ్రంథాలయం నుంచి తీసిన తడి పుస్తకాలను దొరికిన చోటల్లా ఆరబెట్టారు, పొగాకు బ్యారన్లలో కూడా. ప్రకాశం జిల్లా రైతుకు ఆ దృశ్యం వేరే వర్ణించనక్కర్లేదు. చెక్కపలకల మీద వేసిన పాత చిత్రాలను మాత్రం అలా చేయలేదు. నానిన చెక్క ఉబ్బింది. వెంటనే ఆరితే ముడుచుకుంటుంది, పైనున్న రంగు పొర పొలుసుల్లా రాలిపోతుంది. అందుకని చిత్రకారుడు చిమాబూయె వేసిన శిలువతో సహా వాటిని రాజోద్యానంలోని నిమ్మచెట్ల శీతాకాలపు భవనానికి చేర్చి, అక్కడి గాలిలో మొదట 90 శాతం పైగా తేమ ఉంచి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. ఆరబెట్టడమంటే తేమ తీయడమే కాదు, ఏ వేగంతో తీయాలో నిర్ణయించడం కూడా అని భవనాల వాళ్లు ఇక్కడి నుంచే నేర్చుకోవలసి ఉంది.

ఇళ్లు ఆరబెట్టడాన్ని ఒక వృత్తిగా చేసింది మాత్రం శాస్త్రజ్ఞులు కాదు, అమెరికాలో తివాచీలు ఉతికేవాళ్లు. ఇంట్లో పైపు పగిలితే మొదటి ఫోను వాళ్లకే వెళ్లేది. నీళ్లు పీల్చే యంత్రం వాళ్ల దగ్గరే ఉండేది కనుక. తివాచీ ఆరాక కూడా కింద చెక్కా, వెనక గోడా తడిగానే ఉన్నాయని వాళ్లకు వాసనే చెప్పింది. 1972లో తివాచీ పనివాళ్ల అర్హత పత్రాల కోసం మొదలైన ఐఐసీఆర్‌సీ అనే సంస్థే 1994లో నీటి నష్టాలకు ఎస్500 అనే ప్రమాణ పత్రం ప్రచురించింది. మంచినీరు, వాడుకనీరు, మురుగు అని వచ్చిన నీటిని మూడు తరగతులుగా విడదీసి, దేన్ని ఆరబెట్టవచ్చో, దేన్ని పీకి పారేయాలో అది చెబుతుంది. 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్‌లో దాదాపు ఐదింట నాలుగు వంతులు ముంచినప్పుడు ఆ ప్రమాణానికి కఠిన పరీక్ష ఎదురైంది. ఉక్కపోతలో వారాల తరబడి మూతబడ్డ ఇళ్లలో బూజు పైకప్పు దాకా పాకింది.

మన బాధ అక్కడిదానికి దగ్గరిదే, గోడలు మాత్రం వేరు. వాళ్లవి చెక్కచట్రం, జిప్సం పలకలు. తడిసిన భాగం కోసి కొత్తది బిగిస్తారు. మనది ఇటుక గోడ, కోసి పారేయలేం. భారతీయ ప్రమాణం ప్రకారం మామూలు ఇటుక తన బరువులో 20 శాతం వరకు నీరు పీల్చవచ్చు. మూడు కిలోల ఇటుక అరలీటరు పైనే తాగుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, తొమ్మిదంగుళాల మందం ఉన్న గోడలో సుమారు వెయ్యి ఇటుకలు. మూడడుగుల ఎత్తు నీరు నిలిచిందంటే ఒక్క గోడలోనే 150 లీటర్లు దాగినట్టు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్లు తీశాక ఫైరింజన్లతో ఇళ్లలోని బురద కడిగారు, కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయల సాయం ప్రకటించారు. రెండూ అవసరమే. కాని గోడలో మిగిలిన ఆ 150 లీటర్లు ఏ సాయం లెక్కలోకీ రావు. నెల తిరక్కముందే పుట్టీ పెట్టి రంగు వేయించుకున్న వాళ్ల ఇళ్లలో పెచ్చులు లేస్తుంటే మేస్త్రీ చేతిపనిని తప్పుపడతారు.

కిటికీలు తెరిస్తే గాలి ఆడి ఆరుతుందన్నది మనందరి నమ్మకం. రాయలసీమలో ఏప్రిల్‌లో అది నిజమే. కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో వానాకాలపు రాత్రి 26 డిగ్రీలు, 90 శాతం తేమ ఉందనుకోండి. ఘనమీటరు గాలిలో అప్పటికే 22 గ్రాముల ఆవిరి ఉంటుంది, ఇంకా రెండు గ్రాముల పైచిలుకు మాత్రమే పడుతుంది. అదే గదిని మూసి, యంత్రంతో 32 డిగ్రీలు, 40 శాతం దగ్గర నిలిపితే అదే ఘనమీటరు మరో 20 గ్రాములు మోయగలదు. ఫ్యాను గోడను ఆరబెట్టదు, గోడ దగ్గరి గాలిని మారుస్తుంది అంతే. వచ్చే గాలి తడిదైతే ఫ్యాను తిరిగీ ఉపయోగం లేదు.

వృత్తిగా చేసేవాళ్ల వరస ఇలా ఉంటుంది. ముందు నీళ్లు, ఒండ్రు పూర్తిగా తోడేస్తారు, ఒండ్రు తడిని పట్టి ఉంచుతుంది కనుక. నీటిచార కంటే అడుగు పైదాకా ఎనామెల్ రంగు, పుట్టీ గీకేస్తారు, లేకుంటే గోడకు ఊపిరాడదు. తలుపుల సందులు ప్లాస్టిక్ పట్టాలతో మూసి, బ్లోయర్లను గోడకు ఏటవాలుగా నేలబారున పెడతారు, యంత్రం నుంచి నీరు పైపులో మోరీలోకి వెళ్తుంది. మొదటి మూడు నాలుగు రోజులు నీరు ధారగా వస్తుంది. తర్వాత చుక్కలవుతుంది. పని అయిపోయిందని యంత్రం తీసేసేది ఇక్కడే, పొరపాటు జరిగేదీ ఇక్కడే. ఉపరితలం ఆరింది, ఇటుక లోపలి నీరు సన్నని రంధ్రాల్లోంచి పైకి రావడానికి ఇంకా వారాలు పడుతుంది. ఈ దశలో బ్లోయర్లు తగ్గించి, గదిని వెచ్చగా, పొడిగా ఉంచాలి.

ఆ నీటితోపాటు ఉప్పూ వస్తుంది. గోడ మీద తెల్లగా లేచే పొడిని తడిగుడ్డతో తుడిస్తే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో ఊడ్చి ఎత్తేయాలి. తేమ మీటరు సూదుల మధ్య కరెంటు ప్రవాహాన్ని కొలుస్తుంది, ఉప్పు ఉంటే ఆరిన గోడని కూడా తడి అంటుంది. అందుకే అంకెను ఒంటరిగా నమ్మరు. అదే భవనంలో నీరు తాకని పై అంతస్తు గోడ మీద అదే మీటరు పెట్టి చూస్తారు. కోస్తాలో ఆ గోడకు కూడా కొంత తేమ ఉంటుంది, సున్నా ఎప్పటికీ రాదు. కింది గోడ అంకె పై గోడ అంకెకు దగ్గరై, కొన్ని రోజులు అక్కడే నిలకడగా ఉన్నాక పుట్టీకి మేస్త్రీని పిలుస్తారు.