కన్ను వచ్చిన రోజు

మా ఇంట్లో దీన్ని ‘ఆంఖ్ ఆయీ’ అంటాం. బయట తెలుగులో కండ్లకలక. ప్రాణం తీసే మర్జ్ కాదు, వారం పది రోజుల్లో పోతుంది. కానీ దావత్‌లు చెడగొట్టడంలో దీన్ని మించింది లేదు.

2023 వానాకాలంలో ఇది తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగింది. అప్పుడే నేనో తప్పు చేశాను. ఆ ఆదివారం చిన్ననాటి దోస్త్ ఇంట్లో దావత్. పొద్దున లేచేసరికి నా రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. ‘ఫోన్ చేసి రాలేనని చెప్పండి’ అంది బేగం. నెల నుంచి అనుకుంటున్న ములాఖాత్ మరి! నల్లద్దాలు పెట్టుకుని వెళ్లాను. ముసాఫా చేశాను, ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తిన్నాను. మూడో రోజుకి వాళ్లింట్లో ఐదుగురికి కళ్లు ఎర్రబడ్డాయి. వాడి పెద్ద కూతురికి ఆ వారమే పరీక్షలు. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. ఫోన్ చేయడం మానేశాడు, అంతే.

ఆ షర్మ్‌తోనే దీని తారీఖ్ తిరగేశాను. ముందు పేర్లే ఆశ్చర్యపరిచాయి. మద్రాసు ఎగ్మోర్ కంటి ఆసుపత్రిలో 1918లో దీన్ని గుర్తించారంటారు. పాపం, ఆ ఊరి పేరే దీనికి అంటుకుని ‘మద్రాస్ ఐ’ అయింది. 1969లో అపోలో 11 చంద్రుడి మీద దిగిన రోజుల్లోనే ఘనాలో రక్తం చిమ్మినట్టు కళ్లు ఎర్రబడే రకం వ్యాపించింది. అక్కడి జనం దాన్ని ‘అపోలో’ జబ్బన్నారు. 1971లో అదే కలకత్తా చేరింది. తూర్పు బెంగాల్ నుంచి లక్షల మంది శరణార్థులు వస్తున్న కాలం. ఊరివాళ్లు జబ్బుకి ‘జయ్ బంగ్లా’ అని పేరు పెట్టేశారు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన మెహమాన్ల నినాదాన్ని కంటి పుసికి తగిలించడం ఏం తెహజీబో నాకర్థం కాదు. ఇల్జామ్ ఎప్పుడూ పక్కింటి మీదే! నల్లద్దాల వెనక దాక్కున్న నేనూ అలాంటివాడినే.

అద్దాల సంగతీ చెప్పాలి. కళ్లలోకి చూస్తే అంటుకుంటుందన్నది వహమ్. కళ్లు నలిపిన చేయి, తువ్వాలు, దిండు, వీటితోనే అంటుకుంటుంది. అద్దాలు నా ఎర్రకళ్లను దాచాయి, నా ముసాఫాని ఆపలేదు.

ఇంకా వెనక్కి వెళితే సహీహ్ ముస్లింలో ఒక వాకియా ఉంది. బైఅత్ కోసం వచ్చిన సఖీఫ్ తెగవాళ్లలో ఒకాయనకి కుష్ఠు. నీ బైఅత్ ఖబూలైంది, తిరిగి వెళ్లవచ్చని రసూలుల్లాహ్ (స) ఆయనకి కబురు పంపారు. చేతిలో చేయి పడలేదు, అయినా బైఅత్‌లో ఏ కమీ లేదు. హజ్రత్ ఉమర్ (ర) కూడా షామ్‌లో వబా ఉందని విని సర్గ్ నుంచే వెనుదిరిగారు. తక్దీర్ నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (ర) అడిగితే, అల్లాహ్ తక్దీర్ నుంచి అల్లాహ్ తక్దీర్‌కే వెళ్తున్నామన్నారు. ఇవన్నీ చిన్నప్పటి నుంచి విన్నవే. ఆ ఆదివారం ఒక్కటీ గుర్తు రాలేదు.

చివరికి వాడింటికి వెళ్లి మాఫీ అడిగాను. ‘ముందే చెప్పుంటే నీ హిస్సా ఇంటికి పంపేవాణ్ని కదరా’ అన్నాడు. పోయిన నెల మా చిన్నోడికి కన్ను వచ్చింది. ఈసారి పొద్దున్నే ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి గేటు దగ్గర బిర్యానీ గిన్నె పెట్టి, వీధిలోంచే అరిచాడు: ‘అరే మియా, గిన్నె ఇప్పుడే పంపకు, వారం ఆగు!’