లెబనాన్ ఆర్థిక పతనం

పశ్చిమాసియాలోని లెబనాన్‌లో 2019లో బద్దలైన సంక్షోభం, 19వ శతాబ్దం మధ్య నుంచి ప్రపంచం చూసిన మూడు అతి తీవ్ర ఆర్థిక పతనాల్లో ఒకటి కావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా కట్టింది. 2018లో సుమారు 5,500 కోట్ల డాలర్లున్న జీడీపీ మూడేళ్లలో 2,050 కోట్లకు కుంగింది.

దీని వేర్లు అంతర్యుద్ధాన్ని ముగించిన 1989 నాటి తాయిఫ్ ఒప్పందం దాకా పోతాయి. పార్లమెంటు సీట్లు క్రైస్తవులకూ ముస్లింలకూ చెరిసగమయ్యాయి. అధ్యక్షుడు మరోనైట్ క్రైస్తవుడు, ప్రధాని సున్నీ, స్పీకరు షియా అన్న పాత ఆనవాయితీ అలాగే సాగింది. నిన్నటి సాయుధ ముఠాల నాయకులు కొందరు మంత్రులయ్యారు. ఇక దొంగలు దొంగలు ఊళ్లు పంచుకున్నట్టే: శాఖలు, కాంట్రాక్టులు, ఉద్యోగాలు వర్గాలవారీ వాటాలైపోయాయి. ఒకరి మేతను మరొకరు ప్రశ్నిస్తే, దాన్ని మతం మీద దాడిగా చిత్రించడం ఎంతసేపు?

కరెంటు సంగతే చూడండి. ప్రభుత్వ విద్యుత్ సంస్థ నష్టాలు పూడ్చడానికి పోసిన సొమ్ము ప్రభుత్వ అప్పులో దాదాపు సగానికి చేరింది. అయినా సరఫరా కొన్ని గంటలే. మిగతా వేళల్లో పేటలోని ప్రైవేటు జనరేటరే దిక్కు. ఇంటికి రెండు కరెంటు బిల్లులన్నమాట.

ఈ ఖర్చులన్నిటికీ డాలర్లు విదేశాల్లోని లెబనీయుల డిపాజిట్ల నుంచి వచ్చేవి. 1993 నుంచి ముప్పయ్యేళ్లు కేంద్ర బ్యాంకు గవర్నరుగా ఉన్న రియాద్ సలామే, డాలరు ధరను 1,507 లెబనాన్ పౌండ్ల దగ్గర కట్టేసి ఉంచారు. అందుకోసం బ్యాంకులకు భారీ వడ్డీలిచ్చారు. పాత డిపాజిట్లకు కొత్తవాటితోనే చెల్లించే ఈ పద్ధతిలో, కొత్తవి ఆగిన రోజున పాతవాటికి చెల్లింపులుండవు.

2019 అక్టోబరులో వాట్సాప్ కాల్స్ మీద పన్ను ప్రతిపాదించగానే జనం వీధుల్లోకొచ్చారు. ‘అందరూ అంటే అందరూ’ దిగిపోవాలన్నది వారి నినాదం. బ్యాంకులు ఖాతాలను బిగించేశాయి. 2020 మార్చిలో ప్రభుత్వం 120 కోట్ల డాలర్ల బాండ్ల బకాయి ఎగ్గొట్టింది. ఆగస్టు 4న, బీరూట్ రేవులో ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా చనిపోయారు. 2022 సెప్టెంబరులో బీరూట్‌లో ఒక మహిళ బొమ్మ తుపాకీ చూపించి, తోబుట్టువు క్యాన్సర్ వైద్యానికని తన ఖాతాలోంచే సుమారు 13,000 డాలర్లు పట్టుకెళ్లింది.

ఈ సంక్షోభానికి మందు లేక కాదు. 300 కోట్ల డాలర్ల సాయానికి ఐఎంఎఫ్‌తో 2022 ఏప్రిల్‌లోనే ప్రాథమిక ఒప్పందం కుదిరింది. షరతుల దగ్గరే పీటముడి: బ్యాంకుల నష్టం యజమానులు మోయాలా, డిపాజిటర్లా? ఆ అక్టోబరు నుంచి 2025 జనవరి దాకా అధ్యక్షుణ్నే ఎన్నుకోలేని పార్లమెంటు దీన్నేం తేలుస్తుంది! 2025 జూలైలో బ్యాంకుల పునర్వ్యవస్థీకరణ చట్టం ఎట్టకేలకు ఆమోదం పొందింది; నష్టాల పంపకానికి మరో చట్టం వచ్చేదాకా అది అమలు కాదన్న మెలికతో.