గర్భకాల మధుమేహం – ప్రసవ సమయ నిర్ణయం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

గర్భకాల మధుమేహం ఉన్న స్త్రీకి నొప్పులు వాటంతట అవి వచ్చేదాకా ఆగాలా, మందులతో తెప్పించాలా, తెప్పిస్తే ఏ వారంలో అన్నది ప్రసూతివైద్యంలో దీర్ఘకాలంగా సాగుతున్న చర్చ. తొందరపడితే ఒక ప్రమాదం, ఆలస్యమైతే మరొక ప్రమాదం. ఈ రెండింటి నడుమ ప్రసవ గడువు మారుతూ వచ్చిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గర్భకాల మధుమేహం, ప్రసవం, ఇన్సులిన్, సిజేరియన్, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

గర్భిణిలో మధుమేహ లక్షణాలను వివరించిన తొలి రచనల్లో 1824లో బెర్లిన్‌లో హైన్రిక్ బెన్నెవిట్జ్ సమర్పించిన సిద్ధాంతవ్యాసం ఒకటి. ఆయన వర్ణించిన స్త్రీకి పన్నెండు పౌండ్ల బిడ్డ పుట్టింది, కాని దక్కలేదు. బిడ్డ అతిగా పెరగడం, ప్రాణం దక్కకపోవడం అనే రెండు అంశాలే తరువాతి చర్చకంతటికీ మూలమయ్యాయి.

2. ఇన్సులిన్ తరువాతి కాలం

1922లో ఇన్సులిన్ చికిత్స మొదలయ్యాక తల్లుల మరణాలు బాగా తగ్గాయి. అయినా నెలలు నిండే సమయంలో బిడ్డ కడుపులోనే చనిపోవడం ఆగలేదు. బోస్టన్‌లోని జోస్లిన్ క్లినిక్‌లో పనిచేసిన ప్రిసిల్లా వైట్ దీనికి పరిష్కారంగా గడువుకు కొన్ని వారాల ముందే ప్రసవం చేయించే పద్ధతిని అనుసరించారు. 1949లో ఆమె ప్రకటించిన వర్గీకరణ మధుమేహ తీవ్రతను బట్టి గర్భిణులను తరగతులుగా విభజించింది. ఆహారనియమంతోనే అదుపులో ఉండే స్థితిని ‘ఎ’ తరగతిగా వేరుచేసింది. మధుమేహమంతా ఒకటి కాదన్న గుర్తింపు ఇక్కడ స్పష్టమైన రూపం పొందింది.

3. ఊపిరితిత్తుల ప్రశ్న

ముందే పుట్టిన బిడ్డలు శ్వాస ఆడక మరణించడంతో ఈ పద్ధతికి ఉన్న రెండో ముఖం బయటపడింది. కారణాన్ని వివరించడానికి కోపెన్‌హాగన్ వైద్యుడు యోర్గెన్ పెడెర్సెన్ ప్రతిపాదన తోడ్పడింది. తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డను చేరుతుంది, ఇన్సులిన్ చేరదు. అందువల్ల బిడ్డ శరీరమే అధికంగా ఇన్సులిన్‌ను తయారుచేసుకుంటుంది. బిడ్డ లావెక్కడానికీ, ఊపిరితిత్తుల పరిణతి ఆలస్యం కావడానికీ ఈ అధిక ఇన్సులిన్‌తో సంబంధం ఉన్నట్లు తరువాతి పరిశోధనలు సూచించాయి. అంటే చూడడానికి పెద్దదిగా ఉన్న బిడ్డ లోపల ఇంకా పక్వం కాకపోవచ్చు. 1971లో లూయీ గ్లక్ బృందం ఉమ్మనీటి పరీక్ష ద్వారా ఊపిరితిత్తుల పరిణతిని అంచనా వేసే మార్గం చూపాక, కేవలం వారాల లెక్కతో కాక బిడ్డ స్థితిని చూసి నిర్ణయించే వీలు కలిగింది.

4. వ్యాధినిర్ధారణలో మార్పు

1964లో ఓసల్లివన్, మహాన్ ప్రతిపాదించిన చక్కెర పరిమితుల ఉద్దేశం తల్లికి భవిష్యత్తులో మధుమేహం వస్తుందేమో ఊహించడం. బిడ్డను ఎప్పుడు పుట్టించాలో ఆ అంకెలు చెప్పవు. 2008లో వెలువడిన హాపో అధ్యయనం తొమ్మిది దేశాల్లో ఇరవై మూడు వేలకు పైగా స్త్రీలను పరిశీలించి, చక్కెర పెరిగేకొద్దీ బిడ్డ బరువు పెరిగే అవకాశమూ క్రమంగా పెరుగుతుందనీ, స్పష్టమైన విభజనరేఖ లేదనీ తెలిపింది. రేఖ లేనిచోట అందరికీ ఒకే తేదీని సమర్థించడం కష్టం.

5. ప్రయోగాల సాక్ష్యం

1993లో క్యోస్ బృందం ఇన్సులిన్ వాడుతున్న 200 మంది గర్భిణులను రెండు వర్గాలుగా చేసింది. వీరిలో అత్యధికులు గర్భకాల మధుమేహం ఉన్నవారే. 38వ వారంలో నొప్పులు తెప్పించిన వర్గంలో సిజేరియన్లు పెరగలేదు. వయసుకు మించి బరువున్న శిశువులు ఆ వర్గంలో 10 శాతం, వేచి ఉన్న వర్గంలో 23 శాతం. 2017లో వెలువడిన జినెక్స్‌మాల్ ప్రయోగంలో 425 మంది పాల్గొన్నారు. అక్కడ కూడా సిజేరియన్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, కాని నొప్పులు తెప్పించిన వర్గంలో శిశువుల కామెర్లు ఎక్కువయ్యాయి. అనుకున్న సంఖ్యలో స్త్రీలు చేరనందున ఆ ప్రయోగం చర్చను ముగించలేకపోయింది.

నేటి అమెరికా ప్రసూతివైద్యుల సంఘం సూచన ఈ సందిగ్ధాన్ని ప్రతిబింబిస్తుంది. ఆహారనియమంతో చక్కెర అదుపులో ఉంటే 39 వారాల నుంచి 40 వారాల 6 రోజుల వరకు, మందులతో అదుపులో ఉంటే 39వ వారం పూర్తయ్యాక ఆ వారంలోపు ప్రసవం చేయించవచ్చు. భారత ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా చక్కెర అదుపులో ఉన్నవారికి 39 వారాలకు ముందు ప్రసవాన్ని సాధారణ పద్ధతిగా సిఫారసు చేయవు. సహజ ప్రసవానికే ప్రాధాన్యమిస్తాయి.

6. తెలుగు ప్రాంతాల సందర్భం

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ఈ సంఖ్యలకు గర్భకాల మధుమేహమే కారణమనడం సరికాదు. అయితే ముహూర్తం చూసి కోత కోయించుకొనే అలవాటున్న సమాజంలో ‘షుగర్ ఉంది’ అన్న మాట తేదీని ముందుకు జరపడానికి తేలికగా సాకు కాగలదు. అప్పుడు వైద్యకారణానికీ సౌకర్యానికీ మధ్య తేడా చెరిగిపోతుంది.

7. ముగింపు

రెండు శతాబ్దాల ఈ చరిత్రలో తేదీని మొదట మృతశిశువు భయం, తరువాత ఊపిరితిత్తుల అపక్వత భయం, ఆపై బిడ్డ బరువు భయం నిర్ణయించాయి. ఏ ఒక్క భయమూ అబద్ధం కాదు. ఏ ఒక్కటీ తనంతట తాను తేదీని నిర్ణయించలేదు. కనుక రోగం పేరు కన్నా చక్కెర అదుపు, వాడుతున్న మందు, బిడ్డ ఎదుగుదల ముఖ్యం. వాటిని గర్భిణికి అర్థమయ్యేలా వివరించి, ఆమెతో కలిసి నిర్ణయించడమే ఈ చరిత్ర చెప్పే పాఠం.