తాపీ పనికి సర్కారు చదువు

చోడవరం ప్రాంతంలోని దేవరాపల్లి లాంటి ఊళ్లలో ఇల్లు కట్టే పనిని ఎవరూ బడికి వెళ్లి నేర్చుకోలేదు. కుర్రవాడు ముందు మాలు కలుపుతాడు, ఇటుకలు అందిస్తాడు. మేస్త్రీకి గురి కుదిరాకే తాపీ చేతికొస్తుంది. గుండు వదిలి గోడ నిలువు చూడటం, మూలమట్టంతో మూల సరిచేయడం, దారం లాగి వరస పేర్చడం పట్టుబడేసరికి ఏళ్లు గడుస్తాయి. ఆ కాలమంతా కూలి లెక్కలోకే వెళ్లింది. చదువు కింద ఎవరూ జమకట్టలేదు.

ప్రభుత్వం వృత్తి శిక్షణకు పూనుకున్నది వేరే దారిలో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ, 1945లో, సైన్యం నుంచి తిరిగొచ్చేవారికి ఉపాధి చూపడానికి కేంద్రంలో ఒక డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. 1950లో వృత్తి శిక్షణ పథకం, దానితో ఐటీఐలు వచ్చాయి. వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన నాడే. విశాఖ కంచరపాలెం ఐటీఐ ఆ వరసలోదే. అయితే ఐటీఐ చదువుకు బడి సర్టిఫికెట్ కావాలి, నెలల తరబడి సంపాదన వదులుకోవాలి. తాపీ పని ట్రేడుల జాబితాలో ఉన్నా, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ల చుట్టూ పెరిగిన ఆ ఏర్పాటులో దినకూలికి చోటు దొరకలేదని నా అభిప్రాయం.

1979లో రెండు మార్పులు వచ్చాయి. ఆ ఏడే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టింది. పూరిళ్ల స్థానంలో పక్కా ఇళ్లు లేచేకొద్దీ సెంట్రింగ్, రాడ్ బెండింగ్ తెలిసినవారు ఊరూరా అవసరమయ్యారు. ఆగస్టు 15న మొదలైన ట్రైసెం పథకం గ్రామీణ యువతకు శిక్షణ కాలంలో భృతి ఇచ్చింది, అనుభవజ్ఞుడైన పనివాడి దగ్గర నేర్చుకోవడాన్నీ ఒప్పుకుంది. మేస్త్రీ గురుత్వానికి సర్కారు ఇచ్చిన ఆ గుర్తింపు చిన్నది కాదు. 1999లో ట్రైసెం మరో పథకంలో కలిసిపోయింది. అంతకు ముందు ఏడాదే హైదరాబాదులో జాతీయ నిర్మాణ అకాడమీ, అందరూ 'న్యాక్' అనేది, ఏర్పడి తాపీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనుల్లో శిక్షణ మొదలుపెట్టింది.

అసలు మలుపు 2016 నవంబరులో మొదలైన గ్రామీణ ఆవాస యోజనతో వచ్చింది. దాని కింద గ్రామీణ తాపీ మేస్త్రీల శిక్షణ 45 రోజులు సాగుతుంది. నేర్చుకునేవారు లబ్ధిదారుడి ఇంటినే పునాది నుంచి కడతారు, చివర పరీక్షకు నిలబడతారు. పని జరిగే చోటే చదువు జరగడం ఇందులోని సారం.

2023 సెప్టెంబరు 17న వచ్చిన విశ్వకర్మ పథకం తాపీ మేస్త్రీనీ, వడ్రంగినీ 18 వృత్తుల్లో చేర్చి, శిక్షణలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఇస్తోంది. కానీ కుటుంబానికి ఒక్కరికే అర్హత. భర్త తాపీ పట్టి, భార్య తట్ట మోసే ఇంట్లో ఆ ఒక్క పేరు ఎవరిదవుతుందో చెప్పనక్కర్లేదు. ఝార్ఖండ్‌లో మరుగుదొడ్ల నిర్మాణానికి ఆడవాళ్లకే తాపీ నేర్పారు, 'రాణీ మిస్త్రీలు' అన్నారు. అనకాపల్లి జిల్లాలోకి మారిన దేవరాపల్లి మండలంలోనూ తట్ట మోసే ఆ మనిషి చేతికి తాపీ ఇవ్వాలి.